సడక్ బాగున్నదని రాసిన చెయ్యి

పట్నంల దబీర్‌పురా దర్వాజా అవతల మా ఇల్లు. ఇల్లంటే ముందట బర్రెల కొట్టం, ఎనుక రెండు అర్రలు. తాతల కాలం నుంచి మాది పాల బేరం. రెండో పెద్ద యుద్ధం మొదలయ్యేందుకు ఇంక రెండు మూడేండ్లు ఉన్నదనంగ, ఒక దినం సర్కారు మనుషులు వచ్చి మా కొట్టం గోడ మీద సున్నంతోని గీత గీసిన్రు. ఆ గీత దాక సడక్ వస్తదన్నరు. అంటే గోడ పోతది, గోడ ఎనుక మూడు బర్రెలు కట్టే జాగ పోతది.

మా అమ్మ ఏడ్చింది. మా బాపు మాత్రం లొల్లి చెయ్యలే. గీత గీసినాయనను కూసోబెట్టి, చాయ్ పోసి, ఒకటే మాట అడిగిండు.

"బస్సు నిజంగ వస్తదా?"

"సడక్ అయినంక బస్సే వస్తది, పెద్దయ్యా. సర్కారు హుకుం."

బాపుకు ఆ మాట చాలు. ఆ రోజులల్ల మా దిక్కు బస్సు లేదు. మా గల్లీల ఒక దాయమ్మ ఉండె. కాన్పులు చేసే ముసలమ్మ. నేను పుట్టింది ఆమె చేతులల్లనే. మొహల్లాల హిందువులు, తురకలు, కిరస్తానీలు అన్న తేడా లేకుంట సగం మందిని ఆమెనే భూమ్మీదికి తెచ్చింది. ఎక్కడికి పిలిచినా నడిచే పోతుండె. "దాయమ్మ ఈ వయసుల ఎంత దూరమని నడుస్తది? బస్సొస్తె మంచిదే గదా," అని బాపు అమ్మకు నచ్చజెప్పిండు. గోడకు, జాగకు సర్కారు పైసలు ఇచ్చింది. ఇయ్యలేదని అబద్ధం చెప్పను. బర్రెలను ఎనుకకు జరుపుకున్నం.

సడక్ పని మూడు నెలలు నడిచింది. బాపు పొద్దున పాలు పిండి పంపినంక కొట్టంల కూసోని పని చూస్తుండె. మొదలు తవ్విన్రు. దర్వాజా దిక్కు నుంచి పెద్ద రాళ్లు పరుసుకుంట వచ్చిన్రు. వాటి మీద కంకర, కంకర మీద మొరం. నీళ్లు కొట్టి ఇంజనుతోని తొక్కిపిచ్చిన్రు. అంత బాగనే నడిచింది. మా కొట్టం కాడికి వచ్చే వరకు రాళ్ల బండ్లు రావుడు బందయినయి. మా ఇంటి నుంచి మురికినీళ్లు పారే మోరీ దాక, ఇన్నూరు గజాలు ఉంటదేమో, తవ్విన మట్టి మీదనే మొరం పోసి ఇంజను నడిపిన్రు. పైకి చూస్తె అంత ఒక్కతీరే, ఎర్రగ, నున్నగ.

బాపు పోయి గుత్తేదారు మనిషిని అడిగిండు. "అన్నా, ఇక్కడ కింద రాయి ఏయలేదేంది?"

"అదంత మా సాబ్‌లు చూసుకుంటరు. నువ్వు నీ బర్రెలను చూసుకో."

బాపు వాపసు వచ్చి కూసున్నడు. ఆ మాట చాన దినాలు మనసుల పెట్టుకున్నడు.

బస్సు వచ్చింది. మొదటి దినం మా గల్లీ ఆడోళ్లు బస్సుకు కుంకుమ పెట్టిన్రు. ఆడోళ్లు కూసునే జాగకు పరదా ఉండె. బస్సు నడిపేది మా గల్లీ అన్ననే. మా ఇంటికి నాలుగిండ్ల అవతల ఉంటడు. కిరస్తానీ, పాదిరీల బడిల చదువుకున్నడు. ఖాకీ అంగీకి రోజూ ఇస్త్రీ చేపిచ్చుకునేటోడు. ఒక బిడ్డ. ఆమెను గూడ గదే బడిల ఏసిండు. అన్న బస్సుల ఎవ్వరు ఎక్కినా, ముసలోళ్లు కూసున్నదాక బండి కదిలియ్యడు.

ఒక దినం నన్ను చూసి అన్నడు: "మోరీ కాడ చక్రం ఒక దిక్కు గుంజుతున్నది తమ్మీ. కింద బోలు ఉన్నట్టున్నది. మా డిపోల రెండు మాట్ల చెప్పిన."

"ఏమన్నరు?"

"మెల్లగ పో అన్నరు. మెల్లగనే పోతున్న."

అప్పటికి నాకు నౌకరి దొరికింది. ఉర్దూల మిడిల్ పాసైన, నా రాత బాగుంటదని పేరు. సడకుల దఫ్తర్ల నకళ్లు రాసే పని. పెద్దలు రాసిన చిత్తు కాయితాన్ని చూసి, మంచి కాయితం మీద సాపు రాయాలె. మా ఇంట్ల నాకంటె ముందు నౌకరి చేసినోడు లేడు. అమ్మ గల్లీ అంత శక్కర పంచింది. బాపు మాత్రం నేను షేర్వానీ ఏసుకొని బయలెల్లుతుంటె పాలచెంబు చేతుల పట్టుకొని వాకిట్ల నిలవడి చూసేటోడు.

వానకాలం మొదట్ల ఒక పొద్దున నాలుగైదు వానలు ఒక్కసారే పడ్డట్టు కురిసి ఆగింది. నేను ఇంక దఫ్తరుకు బయలెల్లలే. బయట పెద్ద చప్పుడైంది. ఉరికి చూస్తె బస్సు ముందటి చక్రం సడక్‌ల దిగవడ్డది. బస్సు ఒరిగి మా కొత్త గోడ మీద వాలింది. లోపట ఆడోళ్లు ఒర్రుతున్నరు. బాపు తాళ్లు పట్టుకొని వచ్చిండు. నేను, బాపు, గల్లీ మనుషులు కలిసి ఒక్కొక్కరిని ఎనుక తలుపు నుంచి దించినం. అన్న నొసలు పగిలి రకతం కారుతున్నది. కండ్లు తుడుసుకుంట, "దాయమ్మ ఏది? దాయమ్మను చూడండి ముందు," అన్నడు.

దాయమ్మ పరదా కింద పడి ఉండె. కుడి చెయ్యి మణికట్టు కాడ ఇరిగి, ఎముక ఒక దిక్కుకు తిరిగింది. ఒర్రలే. "అరే, హాత్ గయా రే, చెయ్యి పోయింది," అని రెండు మాట్ల మెల్లగ అన్నది, అంతే.

చెయ్యి అతికింది గని సక్కగ అతకలే. ఆ వేళ్లు ముడుసుకపోయి మళ్ల సాగలే. ఆమె మళ్ల ఒక్క కాన్పు చెయ్యలే.

వారం దినాలకు మా దఫ్తరుకు ఒక కాయితం వచ్చింది. బస్సుల దఫ్తరోళ్లు అడిగిన్రు: సదరు సడక్ ఎట్లున్నది, సంగతి రాయుండ్రి అని. జవాబు చిత్తు తయారైంది. సాపు రాయుమని మా సరిస్తాదారు నా ముందట పెట్టిండు. ఆయన మా గదిల అందరి మీద పెద్ద, ముసలాయన, అద్దాలు ముక్కు కొసకు పెట్టుకుంటడు. నేను చదివిన. సడక్ పూరాగ మంచిగ ఉన్నది. అడుగున తొమ్మిది అంగుళాల రాయి ఉన్నది. పని పూర్తయినట్టు జాంచ్ చేసిన కాయితం ఉన్నది. కావట్టి బస్సు ఒరుగుడుకు సడక్ కారణం కాదు, నడిపెటోని వేగమే కారణం అనిపిస్తున్నది.

లేచి ఆయన కాడికి పోయిన.

"సాబ్, ఇది మా ఇంటి ముందటి సడక్. అడుగున రాయి లేదు. మా బాపు చూసిండు."

ఆయన తల ఎత్తలే. "మియా, నువ్వు నకల్ రాసేటోనివి. అసల్ రాసేటోనివి కాదు," అన్నడు.

వాపసు వచ్చి కూసున్న. రాసిన. దస్తూరి ఎప్పటి లెక్కనే మంచిగ వచ్చింది. ఒక్క అక్షరం వంకర పోలే. ఇప్పటికి గూడ అది తలుసుకుంటె నాకు నా చెయ్యి మీద కోపమొస్తది. కొంచెమన్న వణకవలసి ఉండె అది.

ఆ నెలల అన్నను నౌకరి నుంచి తీసేసిన్రు. బేపర్వాగ నడిపిండని. ఖాకీ అంగీలు రెండూ వాపసు ఇయ్యమన్నరు. వదినె వాటిని ఉతికి, ఇస్త్రీ చేపిచ్చి పంపింది.

ఇంకో మూడు వారాలకు నా ముందటికి ఇంకో చిత్తు వచ్చింది. బస్సుల దఫ్తరోళ్లు ఆ తొవ్వ మీద బస్సు బంద్ చేద్దమనుకుంటున్నరు, మా దఫ్తర్ సలహా ఏంది అని అడిగిన్రు. దానికి మావోళ్లు రాసిన జవాబు: మోరీ దగ్గర సడక్ అడుగు కమ్‌జోర్ ఉన్నది, బలం లేదు, మరమ్మతు అయ్యేదాక బస్సులు నడుపుడు ఖత్రా. ఇదీ నేనే సాపు రాసిన. అదే బల్ల, అదే సిరా దవాతి, అదే చెయ్యి. ఒక మనిషి నౌకరి తీసేటందుకు సడక్ బాగున్నది. బస్సు బంద్ చేసేటందుకు సడక్ బాగలేదు. రెండు కాయితాలు ఒకే అల్మారాల రెండు అరలల్ల ఉండె.

నేను ఎవ్వరికి చెప్పలే.

బాపు తిరుగుడు మొదలుపెట్టిండు. పాలు పోసొచ్చి, కాళ్లు కడుక్కొని, తలకు రుమాలు చుట్టుకొని ఎల్లేటోడు. బస్సుల దఫ్తరుకు పోతె సడకుల దఫ్తరుకు పో అన్నరు. సడకుల దఫ్తరుకు పోతె బస్సు మా పని కాదు అన్నరు. ఒక దినం మా గది తలుపు కాడికే వచ్చి నిలవడ్డడు. నేను చూసిన. తల దించుకున్న.

"ఎవరు నువ్వు?" అని సరిస్తాదారు అడిగిండు.

"దబీర్‌పురా దర్వాజా కాడ పాలు అమ్ముకునేటోణ్ణి సాబ్. మోరీ కాడి సడక్ ఒక్కసారి వచ్చి చూడుండ్రి. అడుగున రాయి లేదు."

"రాయి ఉన్నదని కాయితం ఉన్నది. నీ మాట మీద సర్కారు సడక్ తవ్వి చూస్తరా ఎవరన్న?"

బాపు నా దిక్కు చూడనన్న చూడలే. సలాం చేసి పోయిండు. నా కొడుకు ఇక్కడనే ఉన్నడని ఒక్క మాట అనలే. నన్ను తిట్టినా నాకు గంత బాధ కాకపోవు.

పొద్దు గూకినంక ఇంట్ల బువ్వ తినుకుంట అడిగిండు. "బిడ్డా, ఆ సడక్ మీద మీ దఫ్తర్ల ఏం రాసి ఉన్నది? నీకేమన్న కండ్ల పడ్డదా?"

"నాకు తెల్వదు బాపూ."

"తెల్వదా?"

"నా బల్ల మీదికి రాలే."

ఆయన తల ఊపి తినుడు సాగిచ్చిండు. నమ్మిండు నన్ను.

చలికాలం ఎల్లేటప్పుడు ఒక పొద్దున, బర్రెలకు గడ్డి ఏసినంక, బాపు గడ్డపార, పార పట్టుకొని సడక్ మీదికి పోయిండు. మోరీకి ఇవతల, బస్సు దిగవడ్డ కాడనే, తవ్వుడు షురూ చేసిండు. జల్దీ జల్దీ కాదు. బాయి తవ్వేటోని లెక్క సక్కగ, నాలుగు మూలలు సాపుగ చేసుకుంట తవ్విండు. మనుషులు జమైన్రు. మోకాలు లోతు తవ్వినంక పార పక్కకు పెట్టి, "చూడుండ్రి. మొరం, మట్టి. రాయి ఎవరికన్న కనవడితె చెప్పుండ్రి," అన్నడు. దాయమ్మ గూడ వచ్చి, ముడుసుకపోయిన చేతిని చెంగుల దాసుకొని, గుంతలకు వంగి చూసింది. అన్న రాలే. ఆయన అప్పటికి స్టేషన్ గోదాముల బస్తాలు మోస్తున్నడు.

పోలీసు జవాన్లు వచ్చిన్రు. బాపు గుంత పక్కనే కూసోని ఉన్నడు. సర్కారు సడక్ పాడు చేసిండని పట్టుకపోయిన్రు. పొద్దు గూకేలోపల జమానతు మీద ఇడిపిచ్చుకొచ్చినం. కేసు మాత్రం అయింది.

అదాలత్ దినం ముందు సరిస్తాదారు నన్ను పిలిచిండు. ముద్దాయి నా బాపు అని ఆయనకు తెల్సు. దఫ్తర్ల అందరికీ తెల్సు. ఒక మిసిల్, కాయితాల కట్ట, నా ముందట పెట్టి, "సడక్ బాగున్నదన్న కాయితం ఇందుల ఉన్నది. రేపు అదాలత్‌కు నువ్వే తీస్కపో. ఇది మన దఫ్తర్ కాయితమేనని చెప్పు, చాలు," అన్నడు. నన్నే ఎందుకు పంపిండో నాకు ఇప్పటి దాక తెల్వదు. నా మీద పగతోని పంపిండా, లేకపోతె తను చెయ్యలేని పని నేను చేస్తనేమోనని పంపిండా? ఆయన అద్దాల ఎనుక ఏం ఉండేనో నేను ఎన్నడు చూడలే.

మున్సిఫ్ సాబ్ నడీడు మనిషి. బాపును అడిగిండు: "సడక్ తవ్వినవా?"

"తవ్విన హుజూర్."

"సర్కారు సడక్ తవ్వుడు జుర్మని తెల్వదా?"

"తెల్సు హుజూర్. ఆ సడక్ కోసం నా కొట్టం గోడ ఇచ్చిన. రాయి ఏసినమని కాయితం ఉన్నదన్నరు. కాయితం నాకు చదువరాదు. మట్టి చదువొస్తది. అందుకని తవ్విన."

కొందరు నవ్విన్రు. మున్సిఫ్ నవ్వలే. నన్ను పిలిచి ప్రమాణం చేపిచ్చిన్రు. సర్కారు వకీలు కాయితం చదివి, "ఇది మీ దఫ్తర్‌దేనా?" అన్నడు.

"జీ."

"ఎవరి దస్తూరి?"

"నాదే."

వకీలు చాలన్నట్టు చెయ్యి ఊపి కూసున్నడు. నేను బోను మెట్టు దిగవోతున్న. మున్సిఫ్ ఏమనుకున్నడో ఏమో, "ఆగు. ఈ సడక్ గురించి మీ దఫ్తర్ల ఇంకేమన్న కాయితం ఉన్నదా?" అని అడిగిండు.

అది నా ధైర్యం కాదు. నేను ధైర్యం చేసి లేచి నిలవడ్డనని ఎవరన్న అంటె నమ్మొద్దు. అడిగిండు గనుక, ప్రమాణం మీద ఉన్న గనుక, బాపు నా ముందట నాలుగు గజాల దూరంల నిలవడి ఉన్నడు గనుక, నోట్లకెళ్లి వచ్చింది.

"ఉన్నది హుజూర్. ఇంకో మిసిల్ల ఉన్నది. సడక్ అడుగు కమ్‌జోర్ ఉన్నది, బస్సు నడుపొద్దని. అదీ నేనే రాసిన."

బాపు మెల్లగ నా దిక్కు తిరిగిండు. కోపమైతె నేను తట్టుకుందును. ఆయన ముఖంల కోపం లేదు. తెల్వని ఊరికి వచ్చి తొవ్వ అడుగుతున్న మనిషి చూసినట్టు చూసిండు నన్ను.

ఆ మిసిల్‌ను పగటీలి తెప్పిచ్చిన్రు. మున్సిఫ్ రెండు కాయితాలు పక్కపక్కన పెట్టి రెండు సార్లు చదివిండు. చివరికి ఫైసలా చెప్పిండు. సడక్ ఎట్లున్నా అది సర్కారుది, తవ్వుడు తప్పు, కొంత జుర్మానా కట్టాలె. రెండు కాయితాలు ఒకదానికొకటి పడవు గనుక వాటిని పై అధికారుల కాడికి పంపాలె.

"హుజూర్," అన్నడు బాపు. "తవ్వకపోతె మీరు ఈ రెండో కాయితం చూసేటోళ్లా?"

మున్సిఫ్ కలం పక్కకు పెట్టిండు. ఇంకో కేసు పిలిచిన్రు.

ఇంటికి నడుచుకుంట వచ్చినం. మీరాలం మండి దాటినంక బాపు అడిగిండు, "ఎన్ని దినాల నుంచి తెల్సు నీకు?"

"ఏడు నెలలు."

ఇంటికొచ్చి రుమాలు తీసి గుంజకు తగిలిచ్చి బర్రెల కాడికి పోయిండు. ఎన్నో దినాలు నాతోని పని మాటలే మాట్లాడిండు: కుడితి పెట్టినవా, దూడను కట్టినవా.

దఫ్తర్ గుట్టు బయట పెట్టిండని నన్ను నౌకరి నుంచి తీసేసిన్రు. నేను షేర్వానీ మడిచి పెట్టెల పెట్టి పాల చెంబులు పట్టుకున్న. అమ్మ ఏడ్చింది. బాపు ఏడ్వలే, నవ్వలే.

వచ్చే వానకాలం లోపల మోరీ కాడి సడక్ మళ్ల ఏసిన్రు. ఏసింది గదే గుత్తేదారు. మొదటిసారి రాయి ఏమైందని ఆయనను ఎవ్వరు అడిగినట్టు మేము ఇనలే. బాపు రోజూ పోయి పని మొదలైన కాడి నుంచి అయిపోయేదాక సడక్ పక్కన కూసున్నడు. లెవ్వుమంటె లెవ్వలే. ఈసారి రాళ్లు ఏసిన్రు. పెద్దవే ఏసిన్రు. బస్సు మాత్రం రాలే. ఫలానా దఫ్తర్ నుంచి మంజూరీ రావాలన్నరు. మంజూరీ వచ్చే వరకు యుద్ధం వచ్చింది, పెట్రోల్ లేదన్నరు. దాయమ్మ బతికి ఉన్నన్ని దినాలు మా గల్లీల మళ్ల బస్సు తిరగలే.

అన్న సంగతి చెప్పాలె. నౌకరి పోయిన ఏడాదిన్నరకు ఆయనకు బస్సుల దఫ్తర్ నుంచి కాయితం వచ్చింది. ఉర్దూల ఉన్నది. ఆయనకు ఇంగ్లీషు, తెలుగు వస్తది గని ఉర్దూ చదువరాదు. నన్ను పిలిచిండు. వాళ్ల అరుగు మీద కూసోని చదివిన. రహమ్ తలిచి, అంటె దయతోని, అతన్ని మళ్ల నౌకరిలకు తీసుకుంటున్నం, ఇకముందు జాగ్రత్తగ నడపాలె అని ఉన్నది.

"నా తప్పు లేదని రాసిన్రా?" అన్నడు అన్న.

"లేదన్నా."

"మళ్ల చదువు."

చదివిన. వదినె తలుపు కాడ నిలవడి ఇంటున్నది. అప్పుడు నేను చెప్పిన. నిన్ను తీసేసేటప్పుడు పోయిన కాయితం నా దస్తూరే అన్నా, సడక్ బాగున్నదని సాపు రాసింది నేనే, తెల్సి రాసిన అని. అదాలత్‌ల అందరు ఇన్నరు, ఆయన చెవిల పడకపోదు. అయినా నా నోటితోని ఆయనకు చెప్పలేదు అప్పటి దాక.

అన్న సడక్ దిక్కు చూసిండు.

"అదాలత్‌ల నిజం చెప్పినవని అందరు నిన్ను మెచ్చుకున్నరు తమ్మీ. నేను గూడ మెచ్చుకున్న," అన్నడు. "గని నువ్వు చెప్పకుంట ఉన్న ఆ ఏడు నెలలల్లనే నా బిడ్డను బడి మాన్పిచ్చిన. ఫీజు కట్టలేక."

వదినె లోపటికి పోయింది.

అన్న ఆ నౌకరికి పోలే. రహమ్ మీద పిలిస్తె పోనన్నడు. ఆ నెల ఆఖరుకు సామాను ఒక బండికి ఎత్తి, వదినెను, బిడ్డను తీసుకొని బొగ్గు గనుల దిక్కు పోయిండు. అక్కడ లారీ నడిపే పని ఉన్నదన్నరు. బండికి సామాను ఎత్తేటప్పుడు నేను పోయి సాయం చేసిన. వద్దనలే. బిడ్డకు అప్పటికి పన్నెండేండ్లు ఉంటయేమో. ఆమె చేతుల సంచి నేను అందుకోవోతె, నా చేతికి ఇయ్యకుంట తనే ఎత్తి బండ్ల పెట్టుకున్నది.